పాఠాలమ్మ గది

నా బావమరిది ఒక ఎండాకాలం ఆలస్యంగా వచ్చాడు.

పొద్దున్నే వచ్చాడు. పొద్దున్నే అన్న మాటే గాని, అప్పటికే వీధి గడపలు చెప్పుల్లేని కాలు పెట్టనివ్వడం లేదు. నేను వసారాలో బల్ల ముందు కూర్చుని ఒక నీళ్ల మోటారుకు తీగ చుడుతున్నాను. కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త రాగి తీగ చుట్టడం నా పని. చుట్టేటప్పుడు తల ఎత్తకూడదు, లెక్క తప్పుతుంది. చెప్పుల చప్పుడు వినే వచ్చింది ఎవరో తెలిసింది. ఆ వరస లెక్క అయిపోయినా తల ఎత్తలేదు.

"బావా."

చుడుతూనే ఉన్నాను.

"బావా, తెచ్చాను."

"ఏంటి తెచ్చావు?"

"అదే. ప్రాసెసరు. చల్లగా ఉండేది. అక్క అడిగిందే..."

అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి నా బల్ల అంచున పెట్టాడు.

"ఎవరికి తెచ్చావు?" అన్నాను.

వాడు చెమట తుడుచుకున్నాడు.

మా ఇంట్లో వాడి పేరు రేపు. పెట్టింది వాడి సొంత అక్కే, మా ఆవిడ. "మా రేపుగాడు ఫోన్ చేశాడండీ" అని నవ్వేది. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఊళ్లోవాళ్ల కంప్యూటర్లన్నీ ఇవాళ బాగవుతాయి. అక్కది మాత్రం రేపు.

ఆమె కంప్యూటరు బిగించి ఇచ్చిందీ వాడే. ఏదో ఆఫీసువాళ్లు పీకి పారేసిన ప్రాసెసరు అందులో వేశాడు. "పాతదైనా దున్నపోతు బలం అక్కా" అన్నాడు. బలం సంగతి దేవుడెరుగు, వేడి మాత్రం కళ్లారా చూశాను. ఆన్ చేసిన కాసేపటికే పెట్టె వెనకనుంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు గాలి కొట్టేది. లోపలి ఫ్యాను మొదట సణిగేది, తర్వాత అరిచేది, ఆఖరికి ఏడ్చేది. నేను దానికి కుంపటి అని పేరు పెట్టాను. మా ఇంట్లో అన్నింటికీ పేర్లుండేవి అప్పుడు.

ఆ కుంపటి ముందు కూర్చుని ఆమె చూపు లేని పిల్లలకు పాఠాలు చదివేది. మాకు నాలుగు వీధుల అవతల వాళ్ల బడి ఉంది. పుస్తకాన్ని గొంతుతో చదివి కంప్యూటరులో ఎక్కించి ఇస్తే పిల్లలు విని నేర్చుకుంటారు. ఆమె పేరు వాళ్లు ఎప్పుడూ అడగలేదు. పాఠాలమ్మ అని పెట్టేసుకున్నారు.

చదవాలంటే అద్దాల కిటికీలు మూయాలి, వీధి చప్పుడు పడకూడదు. పైన ఫ్యాను ఆపాలి, గాలి మైకును కొడుతుంది. తలుపు వేయాలి, నా సుత్తి దెబ్బ వినబడకూడదు. కుంపటిని మాత్రం ఆపడానికి లేదు. పైగా ఒక పాఠం కూర్చున్న చోటునుంచి లేవకుండా చదవాలని ఆమె పట్టు. మధ్యలో లేచి మళ్లీ కూర్చుంటే కుంపటి మోత మారిపోతుందట. చెవులే కళ్లయిన పిల్లలకు అది నడుస్తూ నడుస్తూ గోడకు గుద్దుకున్నట్టుంటుందట. మధ్యలో కరెంటు పోతే పెట్టె కింద బ్యాటరీ రెండు కూతలు కూసి చచ్చేది. ఆమె మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకునేది.

పోయిన ఎండాకాలం భూగోళం పుస్తకం సగంలో ఉండగా ఆమె పోయింది. డాక్టరు గుండె అన్నాడు. నేను గది అన్నాను. ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం.

"తీసుకుపో," అన్నాను పెట్టె చూపించి.

"నేనే పిలిచాను నాన్నా మామయ్యని." నా కూతురు గుమ్మంలోకి వచ్చింది. "మిగిలిన పాఠాలు నేను చదువుతాను. సెలవులు అయ్యాక ఆ పిల్లలకి పరీక్షలు. సగం పుస్తకంతో ఏం రాస్తారు?"

"చదువుకో. ఆ కుంపటి విప్పడానికి వీల్లేదు."

"విప్పకుండా ఎలా మారుస్తాడు?"

"మార్చడానికీ వీల్లేదు."

బావమరిది మా ఇద్దరి మధ్యా గోడ మీది పిల్లిలా నిలబడ్డాడు. ఆఖరికి, "సరే బావా, రేపు వస్తా" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. నా కూతురు నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. నేను నవ్వలేదు. నాకూ వచ్చింది, కానీ నవ్వలేదు.

ఆ పెట్టె ఎందుకు విప్పనివ్వలేదో వాళ్లకు చెప్పలేదు. ఆమె పోయాక నాకో అలవాటు పట్టుకుంది. మధ్యాహ్నాలు కుంపటి ఆన్ చేసి, తలుపు దగ్గరకు వేసి, బయటికొచ్చి పని చేసుకునేవాణ్ణి. లోపల సణుగుడు మొదలయ్యేది. తర్వాత అరుపు. ఎవరో ఉన్నట్టుండేది. కరెంటు దండగ. నాకు తెలియదా!

*

నా కూతురు ఉద్యోగం బస్టాండులో. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పడం. తల్లి కుర్చీలో కూర్చుని మొదటిసారి చదివినప్పుడు తలుపు సందులోంచి విన్నాను.

"ఏమే, ఆ పర్వతాలు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నాయా ఏంటి?" అన్నాను బయటినుంచి.

"నాన్నా! రికార్డవుతోంది! మళ్లీ మొదటినుంచి చదవాలి ఇప్పుడు!"

మళ్లీ మొదలెట్టింది. ఎండ నెత్తికెక్కింది. కుంపటి అరుపు అందుకుంది. కాసేపటికి ధడాలున తలుపు తెరుచుకుంది. పిల్ల ముఖం కందిపోయి ఉంది. తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్లి తల కింద పెట్టింది. బట్టలతోనే తడిసి వచ్చి వసారాలో నేల మీద కూలబడింది.

"పాఠం అయిందా?"

"సగం కూడా కాలేదు. కళ్లు తిరుగుతున్నాయి. అమ్మ ఇందులో ఎలా కూర్చుంది నాన్నా?"

"కూర్చోబట్టే పోయింది. పోయి మీ మామయ్యని అడుగు."

"మామయ్యని అడుగుతాను. ముందు నిన్ను అడుగుతాను." జుట్టు పిండుకుంటూ నా వైపు చూడకుండా అంది. "ఊళ్లో మోటార్లన్నీ నువ్వే చుట్టావు. తీగ కాలిన వాసన వీధి చివరినుంచే పట్టేస్తావు. గోడకి అవతలే కదా నీ బల్ల. ఆ గది నీకు తెలియలేదా?"

నా చేతిలో తీగ తెగింది. తెగిన తీగకు ముడి వేస్తే మోటారు నిలవదు. మొత్తం విప్పి మొదటినుంచి చుట్టాలి. విప్పాను. చుట్టాను. జుట్టు ఆరేదాకా పిల్ల అక్కడే కూర్చుంది. తర్వాత లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం దానితో అన్నాను. "పిలువు వాణ్ణి."

"నిజంగానా?"

"ఒక్క మాట. మీ అమ్మ చదివిన పాఠాల జోలికి ఎవరూ రాకూడదు. అవి ఎలా ఉన్నాయో అలాగే బళ్లో ఉండాలి. మిగిలినవే నువ్వు చదువు."

"అమ్మవి ఎవరు ముట్టుకుంటారు నాన్నా," అంది.

*

ఈసారి వాడు చెప్పిన పూటకే వచ్చాడు. పెట్టెను గదిలోంచి వసారాలోకి మోసుకొచ్చి, వెలుతురులో నా బల్ల మీదే పెట్టి పక్క రేకు ఊడదీశాడు. లోపల దుమ్ము దుప్పటి పరిచినట్టుంది. ఊరికే ఉండలేడు కదా, ఉపన్యాసం మొదలెట్టాడు.

"పాతది తాగే కరెంటుతో మీ ఇంట్లో దీపాలన్నీ వెలిగించొచ్చు బావా. తాగిందంతా వేడిగా కక్కుతుంది. ఇది అందులో మూడో వంతు కూడా తాగదు. పని మాత్రం దానికంటే వేగం. పైగా ఇదే బోర్డులో కూర్చుంటుంది, ఇంకేం మార్చక్కర్లేదు. అదృష్టం చూడు!"

"ఎవరి అదృష్టం?"

వాడు ఫ్యాను మరలు తిప్పాడు. ఫ్యానూ దాని కింది అల్యూమినియం రేకుల దిమ్మా కలిసి ఊడి వచ్చాయి. ప్రాసెసరుకూ దిమ్మకూ మధ్య రాయాల్సిన తెల్ల పేస్టు ఎండి, పెచ్చులు కట్టి, సున్నంలా రాలింది. ఫ్యానును బోర్లా తిప్పాడు. తిప్పినవాడు అలాగే ఆగిపోయాడు.

ఫ్యాను ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. పొడుగు వెంట్రుకలు. సగం నల్లవి, సగం నెరిసినవి. ఒకదాని పక్కన ఒకటి ఎంత ఒద్దికగా చుట్టుకున్నాయంటే, ఇన్నేళ్ల పనిలో నేను ఒక్క మోటారు అంత ఒద్దికగా చుట్టలేదు.

వాడి చేతిలో పట్టకారు ఉంది. అది ఇరుసు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఇలా ఇవ్వు," అన్నాను.

కాలిన తీగ విప్పేవాణ్ణి. కొస ఎక్కడుందో వెతకడం నాకు తెలుసు. వెతికాను. విప్పాను. తెగకుండా వచ్చాయి. వాటిని ఏం చేశానో చెప్పను.

వాడు తల వంచుకుని మిగతా పని చేశాడు. పాతదాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. అగ్గిపెట్టె కంటే చిన్నది. ఇంత చిన్నదా అనుకున్నాను. కొత్తదాన్ని మూల గుర్తు చూసి కూర్చోబెట్టాడు, బఠాణీ గింజంత పేస్టు వేశాడు, పెద్ద రెక్కల ఫ్యాను ఒకటి బిగించాడు. స్విచ్చి నొక్కాడు.

"ఏది? తిరగడం లేదే?" అన్నాను.

"తిరుగుతోంది బావా."

"వినబడదేం?"

"వినబడకపోవడమే దాని గొప్ప."

మోటారు మీద పెట్టినట్టు పెట్టె మీద అరచెయ్యి పెట్టాను. నడిచే యంత్రం చేతికి తెలియాలి. వెచ్చగా ఉండాలి, అదరాలి. ఇది చల్లగా ఉంది. ప్రాణం పోయినదాని మీద చెయ్యి వేసినట్టుంది. తీసేశాను.

మరలు బిగించి, దుమ్ము ఊడ్చి, వాడు గడప మీద కూర్చున్నాడు. నా కూతురు టీ తెచ్చింది.

"నా మీద కోపం పోలేదా బావా?"

"పోలేదు."

"ఎప్పటికీ పోదా?"

"టీ చల్లారిపోతోంది. తాగు."

*

ఆ మర్నాటి నుంచి నా కూతురు డ్యూటీ దిగి వచ్చి గదిలో కూర్చునేది. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, తలుపు వేసుకునేది. నేను సుత్తి పని పొద్దుటికి పెట్టుకున్నాను. ఆమె ఉన్నప్పుడు పెట్టుకోవాల్సిందని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

బస్టాండు గొంతు పోవడానికి కొన్నాళ్లు పట్టింది. పోయాక మంచి గొంతే బయటపడింది. తల్లి గొంతు కాదు, నా తల్లి గొంతు. ఆవిడా ఇలాగే తొణక్కుండా మాట్లాడేది. ఒక మధ్యాహ్నం సముద్రాల పాఠం చదువుతోంది. నేను తీగ చుడుతున్నాను. కరెంటు పోయింది. నా నెత్తిమీది ఫ్యాను నెమ్మదించి, ఆగింది. వీధిలో నాలుగిళ్లవాళ్లూ ఒక్కసారి ఉసూరుమన్నారు. చుడుతున్నది వదిలి తలుపు వైపు చూశాను. ఇప్పుడు రెండు కూతలు వినబడాలి. తర్వాత "అయ్యో రామా" అని ఆమె గొంతు వినబడాలి.

కూతలు వినబడలేదు. పిల్ల గొంతూ ఆగలేదు. వెచ్చని ప్రవాహాలు ఎటు పోతాయో, చల్లని ప్రవాహాలు ఎటు పోతాయో అలా చదువుతూనే ఉంది. ఆ పాతబడిన బ్యాటరీయే, తాగేవాడు మారేసరికి పాఠం ఆసాంతం మోసింది. చదవడం అయ్యాక పిల్ల నెమ్మదిగా బయటికి వచ్చింది. నుదురు మీద చెమట లేదు.

"కరెంటు పోయిందా? చూసుకోలేదు," అంది.

నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. అంత చిన్న వస్తువు. అరచేతిలో పట్టేది. ఒక్క ఎండాకాలం ముందు వచ్చి ఉంటే ఆమె కూడా అలా బయటికి వచ్చేది. ఏమీ తెలియనట్టు. కరెంటు పోయిందా అని.

*

కొత్త పాఠాలు విన్నాక బడి మాస్టారు మా ఇంటికి వచ్చాడు. ఆయనకూ చూపు లేదు. గడప కర్రతో తాకి చూసుకుని, నా బల్ల ఎక్కడుందో వాసనతో కనిపెట్టి, తిన్నగా దాని ముందుకు వచ్చి ఆగాడు.

"అన్నగారూ, అమ్మాయి చదివినవి విన్నాను. చెవిలో తేనె పోసినట్టుంది. ఎక్కడా మోత లేదు. మీ బావమరిదిగారు ఏం మంత్రం వేశారో గాని!"

"మంత్రం కాదు. ఆలస్యం."

నా మాట ఆయనకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాడు. టీ తాగాక గొంతు సవరించుకున్నాడు. అప్పుడే నాకు కీడు శంకించింది. గొంతు సవరించుకునేవాళ్లు మంచి మాట చెప్పరు.

"అమ్మాయి ఒప్పుకుంటే... ముందు పాఠాలు కూడా మళ్లీ చదివితే బాగుంటుందని. పుస్తకమంతా ఒకే గొంతులో, ఒకే నిశ్శబ్దంలో ఉంటుంది. పాతవాటిలో ఆ ఫ్యాను హోరు ఉంది కదా, పొద్దస్తమానం వింటే పిల్లలకి తలనొప్పి అంటున్నారు. కొత్తవి రాగానే పాతవి తీసేసి..."

"తీసేసి?"

"అంటే... రెండూ ఉంటే గందరగోళం కదా అన్నగారూ."

"ఆమె గొంతు బళ్లోంచి తీసేస్తారు."

"అలా కాదు..."

"ఎలా కాదు? జీతం లేకుండా చదివింది. ఆ పుస్తకం పట్టుకునే పోయింది. ఏడాది తిరిగిందో లేదో హోరుగా ఉంది తీసెయ్యండి అంటారు. ఆమె నాకు ఇంట్లో లేదు. మీ బళ్లో ఉంది. అక్కడా లేకుండా చేస్తారా?"

నా కూతురు మధ్యలోకి వచ్చింది. "నాన్నా, మాస్టారు అడిగారంతే."

"అడిగారు. చెప్పాను. నువ్వు కూడా మాటిచ్చావు. గుర్తుందా?"

మాస్టారు కర్ర అందుకుని లేచాడు. కోపం లేదు ఆ ముఖంలో. అదే నాకు ఇంకా మండింది.

"మీరు కాదంటే వద్దు. అదే ఆఖరి మాట," అన్నాడు. "కానీ ఒక్కసారి బడికి రండి. పరీక్షల పిల్లలు సెలవుల్లో కూడా అక్కడే ఉంటారు. ఆవిడ వాళ్లకి ఏం ఇచ్చారో మీరు వినలేదు. విని అప్పుడు చెప్పండి."

నిజమే. ఆమె చదవడం నేను ఎప్పుడూ పూర్తిగా వినలేదు. తలుపు వేసి ఉండేది. ఇవతల నా మోటార్లు ఉండేవి.

*

బళ్లో పొడుగాటి గది. బెంచీల మీద పిల్లలు నిటారుగా కూర్చుని ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టగానే తలలన్నీ నా చెప్పుల వైపు తిరిగాయి.

"పాఠాలమ్మగారి ఇంటాయన వచ్చారు," అన్నాడు మాస్టారు. "ధ్రువప్రాంతాల పాఠం ఎవరు చెబుతారు?"

ఒక అమ్మాయి లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. బెంచీ అంచు పట్టుకుని మొదలెట్టింది.

మొదటి వాక్యానికే నేను తల ఎత్తాను. గొంతు పిల్లదే. తీరు మాత్రం మా ఆవిడది. వాక్యం మొదటి మాటను కాస్త సాగదీసి పట్టుకోవడం. అంకెలు వచ్చే ముందు చెంచాతో కొలిచినట్టు ఆగడం. 'మంచు' అనేటప్పుడు ఆ 'చు' దగ్గర పెదవులు ముడిచి వదలడం. ఎన్నిసార్లు ఎగతాళి చేశాను దాన్ని! కళ్లు మూసుకున్నాను. చూపు లేనివాళ్ల మధ్య కళ్లు మూసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆమె అక్కడే ఉంది. నాకు మూడడుగుల దూరంలో నిలబడి, ఎడతెగని మంచు గురించి, అక్కడి మనుషులు వేసుకునే తోలు బట్టల గురించి తీరిగ్గా చెబుతోంది. ఈ పాఠం ఇలా సాగితే చాలు, నాకింకేం వద్దు అనుకున్నాను.

పాఠం చివరికి వస్తోంది. అమ్మాయి గొంతులో ఏదో మారింది. వాక్యాల మధ్య ఖాళీలు పోయాయి. ఒక మాట తోక మీద ఇంకో మాట కాలు వేసింది. గాలి గుక్కలు గుక్కలుగా మింగింది. ఆఖరి రెండు వాక్యాలూ వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు చెప్పేసి, హమ్మ అని పొడుగ్గా ఊపిరి వదిలి, కూర్చుంది.

"ఎడారుల పాఠం," అన్నాడు మాస్టారు.

ఒక అబ్బాయి లేచాడు. అదే తీరు. తీరిగ్గా మొదలెట్టి, చివరికొచ్చేసరికి పరుగు. హమ్మ. ఇంకొకరు లేచారు. అదే పరుగు, అదే ఊపిరి.

"విన్నారా అన్నగారూ!" మాస్టారు ముఖం వెలిగిపోతోంది. "ముగింపులో ఆ ఊపు! నాకు ఇన్నేళ్ల నుంచీ పాఠం చెబుతున్నా అబ్బలేదది. ఆ నిట్టూర్పు చూడండి, మంచుదేశం వాళ్ల మీద జాలి! ఇదంతా ఆవిడ పెట్టిన భిక్షే."

నేను ఆ పొడుగు అమ్మాయి దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, చివర్లో ఎందుకు తొందరపడ్డావు?"

"తొందర కాదండీ," అంది ఆశ్చర్యంగా. "పాఠం చివర అలాగే కదండీ చదువుతారు?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. అన్ని పాఠాలూ అలాగే అయిపోతాయి."

అన్ని పాఠాలూ అలాగే అయిపోతాయి. మొదట్లో కుంపటి సణుగుతూ ఉంటుంది, ఆమె తీరిగ్గా చదువుతుంది. చివరి పేజీలకు వచ్చేసరికి అది ఏడుస్తూ ఉంటుంది. లేస్తే మళ్లీ మొదటినుంచి చదవాలి. అందుకని లేవదు. పరుగెత్తుతుంది. హమ్మ అన్న తర్వాత తలుపు తెరుచుకోవాలి. ఆమె వచ్చి నా బల్ల పక్కన గోడకు ఆనుకుని, తువ్వాలు తడిపి మెడకు చుట్టుకోవాలి. నేను అప్పుడు "అయిందా?" అనాలి, తల ఎత్తకుండా.

ఇక్కడ తలుపు లేదు. అమ్మాయి ఊపిరి వదిలి కూర్చుంది, అంతే. ఎవరూ బయటికి రాలేదు.

మాస్టారు జవాబు కోసం నిలబడి ఉన్నాడు. ఇంటికెళ్లి చెబుతానన్నాను. నిజం ఏమిటో ఆయనకు చెప్పలేదు. ఊపు అనుకోనీ. జాలి అనుకోనీ.

*

ఇంటికి వచ్చేసరికి కూతురు గదిలో ఉంది. చివరి పాఠం చదవడం అయిపోయి, కిటికీలు తీస్తోంది.

"ఆ కిటికీలు మళ్లీ వెయ్యి," అన్నాను. "మొదటి పాఠం నుంచి చదువు."

నా ముఖంలోకి చూసింది. "మొదటివి అమ్మవి కదా నాన్నా. నువ్వే కదా..."

"అన్నాను. ఇప్పుడు చదవమంటున్నాను. మీ అమ్మని ఆ గదిలోంచి బయటికి రానివ్వు."

ఏం అర్థమైందో ఏమో, ఇంకేం అడగలేదు. కిటికీలు మూసింది. నేను బయటికొచ్చి తలుపు దగ్గరకు వేశాను.

ఎండాకాలం ముగిసేలోపు పుస్తకం మొత్తం అయిపోయింది. పాతవి తీసేసి కొత్తవి ఎక్కించారు. వారం తిరక్కుండా మాస్టారు ఫోన్ చేశాడు. పాఠాలు పూర్తిగా పంపలేదని పిల్లలు గోల పెడుతున్నారట. మొత్తం పంపామని నా కూతురు ప్రమాణం చేసి చెప్పింది. పాఠం అయిపోయాక కూడా చెవులకు పెట్టుకున్నవి తీయకుండా అలాగే కూర్చుంటున్నారట. ఇంకా ఏదో రావాలని.

బావమరిది అప్పుడప్పుడూ వస్తున్నాడు. ప్రాసెసరు ఎలా ఉంది బావా అంటాడు. చల్లగా ఉంది అంటాను. వాడు ఇంకో మాట కోసం చూస్తాడు. నా దగ్గర లేదు.

ఆమె చదివినవన్నీ నా దగ్గర ఉంచుకున్నాను. మధ్యాహ్నాలు బల్ల మీద పెట్టుకుని, తీగ చుడుతూ వింటాను. నదులు ఎక్కడ పుడతాయో, కొండలు ఎలా లేస్తాయో, మంచులో మనుషులు ఎలా బతుకుతారో అంతా ఆమె నోటనే తెలుసుకున్నాను. గొంతులో తొందర మొదలవగానే ఆపేస్తాను. చివరిదాకా చదవనివ్వను. అందుకని ఆమె చదివినవాటిలో ఏ పాఠం ఎలా ముగుస్తుందో, ఆ బళ్లో పిల్లలు చెప్పినవి తప్ప, నాకు తెలియదు.